వానలు రాకముందే: ఆరుబయట మంచం కొనేవాళ్లకు జాగ్రత్తలు

కొట్లో ఉన్నంతసేపూ ఆరుబయట మంచం పొడిగానే ఉంటుంది. మంచి వెలుతురు, మెత్తటి పరుపు, పైన నాలుగు దిండ్లు. కూర్చుంటే లేవబుద్ధి కాదు. కానీ మీరు ఇంటికి తెచ్చుకునేది ఎండలో ఎండి, వానలో తడిసే వస్తువు. అందుకే వానాకాలం ముందు కొనేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఒకటే: కూర్చుని చూడకముందు దాన్ని తిరగేసి చూడండి.

ఈ మాట నాకు మా మొదటి మంచం నేర్పింది. నల్ల రంగు వేసిన ఇనప గొట్టాల మంచం అది. రెండు వానాకాలాలు గడిచినా పైకి కొత్తదానిలాగే ఉండేది. ఒకరోజు గచ్చు మీద ఒక కోడు చుట్టూ గోధుమరంగు మరక కనిపించింది. మంచాన్ని పక్కకి ఒరగేస్తే కోడు చివరి ప్లాస్టిక్ తొడుగు ఊడిపోయి, లోపలి నుంచి ఎర్రటి తుప్పు నీళ్లు నా కాళ్ల మీద పడ్డాయి. పైన బోల్టు కన్నంలోంచి దిగిన నీటికి బయటికి దారి లేక, ఆ తొడుగులోనే నిలవుండి గొట్టాన్ని లోపల్నుంచి తినేసింది. బొటనవేలితో నొక్కితే గొట్టం లోపలికి పోయింది. పిల్లలు రోజూ దాని మీద గెంతేవాళ్లు. తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

కాబట్టి ప్రతి భాగం దగ్గరా ఆగి, ఇక్కడ పడ్డ నీళ్లు ఎటు పోతాయి అని అడగండి. గొట్టాల కోళ్లయితే అడుగున చిన్న కన్నం ఉండాలి. పరుపు కింద నిండు పలక కాకుండా సందులున్న బద్దీలో, అల్లికో ఉండాలి. గొట్టాల చివర్లు తెరిచి ఉంటే నీళ్లతో పాటు కందిరీగలూ చేరతాయి. మంచం కింద చీపురు దూరేంత ఎత్తు కూడా చూసుకోండి. చీకటిగా, తడిగా ఉండే చోటు పురుగూ పుట్రకి ఇష్టం.

ఇనుము కొనాలంటే రంగు కింద జింకు పూత ఉందో లేదో అడగండి. ఉత్త పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడితో అతికించిన పూత) ఒక్కచోట గీరుకుంటే చాలు, తుప్పు అక్కడ మొదలై పొర కిందకి పాకుతుంది. అల్యూమినియానికి ఆ బాధ లేదు. గాలి తగలగానే దాని మీద సన్నని ఆక్సైడ్ పొర ఏర్పడి అదే కాపాడుతుంది. అల్యూమినియం అని చెప్పి ఇస్తుంటే ఒక అయస్కాంతం ఆనించి చూడండి, పట్టుకుంటే అది ఇనుమే. సముద్రం దగ్గర ఉండేవాళ్లు బోల్టుల విషయంలో మరింత జాగ్రత్తపడాలి. ఉప్పుగాలిలో స్టీలు బోల్టూ అల్యూమినియమూ నేరుగా తగిలితే అల్యూమినియం పొడిపొడిగా రాలుతుంది. మధ్యలో నైలాన్ వాషర్ వేయించండి. స్టెయిన్‌లెస్ స్టీలు తీసుకుంటే 304 కాకుండా 316 రకం అడగండి. మాలిబ్డినం కలిసిన ఆ రకం ఉప్పుకి బాగా తట్టుకుంటుంది.

చెక్కలో టేకుని మించింది నాకు కనిపించలేదు. అయితే టేకంటే చేవ ఉన్న టేకు, అంటే మాను నడిమి ముదురు చెక్క. అంచుల్లో పాలిపోయినట్టుండే చెక్కకి ఆ బలం ఉండదు, పురుగు ముందు దాన్నే పడుతుంది. కొన్నాళ్లకి టేకు బూడిదరంగుకి తిరిగితే కంగారు పడకండి, మారేది పైపొర మాత్రమే. కోళ్ల కింద మాత్రం రబ్బరు ముక్కలు వేయండి. చెక్క నీళ్లు తాగేది ఎక్కువగా కోసిన చివరల నుంచే. పేముతో అల్లిన మంచమైతే, నిజమైన పేము వరండా లోపలికే. వానలో ఉంచేదైతే పేములా కనిపించే ప్లాస్టిక్‌లో పాలిథిలీన్ అల్లిక తీసుకోండి. పీవీసీది ఎండకి బిరుసెక్కి పగులుతుంది.

ఇక పరుపు. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. మామూలు ఫోమ్ స్పాంజిలా నీళ్లు పట్టుకుని వదలదు. 190 సెంటీమీటర్ల పొడవు, 90 వెడల్పు, 10 మందం ఉన్న పరుపంటే 171 లీటర్ల చోటు. అందులో మూడో వంతు నీళ్లు నిలిచినా 57 కిలోలు! ఎత్తి ఆరేయడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు, ఈలోగా లోపల బూజు పడుతుంది. వాన పడేచోట వాడటానికి పెద్ద రంధ్రాలున్న వేరే ఫోమ్ ఉంటుంది. చిన్న ముక్క అడిగి, గ్లాసు నీళ్లు పోసి చూడండి. అడుగు నుంచి వెంటనే జారిపోతే అదే మీకు కావలసింది. వాటర్‌ప్రూఫ్ గలీబు ఉందిగా అని ధీమా పడొద్దు. కుట్ల దగ్గరా జిప్పు దగ్గరా దూరిన నీళ్లకి అదే జైలు అవుతుంది. గలీబు అడుగువైపు జాలీగుడ్డ, ప్లాస్టిక్ జిప్పు ఉంటే మేలు. బట్ట యాక్రిలిక్ అయితే, నూలు తీసేటప్పుడే రంగు కలిపినది అడగండి. పైన అద్దిన రంగు ఎండకి తొందరగా వెలిసిపోతుంది.

పసిపిల్లల్ని ఈ మెత్తటి పరుపుల మీద, దిండ్ల మధ్య నిద్రపుచ్చకండి. ఊపిరాడని ప్రమాదం నిజంగా ఉంది. డాబా మీదో బాల్కనీలోనో వేస్తుంటే మంచాన్ని పిట్టగోడకి ఆనించనే వద్దు. పిట్టగోడ 105 సెంటీమీటర్లు, పరుపుతో కలిపి మంచం 45 ఉందనుకోండి, మంచం మీద నిలబడ్డ పిల్లవాడికి అడ్డుగా మిగిలేది 60 సెంటీమీటర్లే. ఇంకే జాగ్రత్త మరిచినా ఇది మరవకండి. ఉయ్యాల మంచమైతే కొక్కేల్ని శ్లాబులోకి సరిగ్గా దింపించాలి, ఫ్యాను కొక్కేనికి ఎప్పుడూ కట్టొద్దు. ఊగేటప్పుడు పడే బరువు కదలకుండా కూర్చున్నప్పటి కంటే ఎక్కువ.

పైన గుడ్డ కప్పున్న మంచాలు అందంగా ఉంటాయి, గాలివానలో అదే తెరచాప. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది. కప్పు సులువుగా మడిచేలా ఉండాలి, కోళ్లు నేలకి బిగించేలా ఉండాలి. ఉరుము వినపడిందంటే మంచం వదిలేసి లోపలికి వెళ్లండి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగి రండి.

మంచం మీద కప్పే కవరుకి గాలి ఆడే కిటికీలుండాలి. నేలకి తగలకుండా, మధ్యలో కుంగకుండా చూడండి. ఆ గుంటలో నిలిచిన నీళ్లలో వారం పది రోజుల్లో దోమలు తయారవుతాయి.

మంచం గుమ్మంలోంచి, మెట్ల మలుపులోంచి పడుతుందో లేదో ముందే కొలుచుకోండి. ఇంటికొచ్చిన రోజే రెండు బకెట్ల నీళ్లు పైనుంచి పోసి, గంట తర్వాత పరుపు ఎత్తి చూడండి, కోళ్లు ఒరగేసి చూడండి. ఎక్కడైనా నీళ్లు నిలిచి ఉంటే ఫొటో తీసి ఆ రోజే వెనక్కి పంపండి. ఈ పరీక్ష అయ్యేదాకా రసీదు పారేయకండి.