గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌షిప్‌కు దరఖాస్తు: పేరు నమోదు నుంచి కాంట్రాక్టు దాకా

ప్రభుత్వరంగ సంస్థల నోటిఫికేషన్లలో ‘గ్రాడ్యుయేట్ అప్రెంటిస్’ అన్న మాట చూసి అది పర్మినెంట్ ఉద్యోగమేనని నమ్మి, మధ్యవర్తికి డబ్బు కట్టి మోసపోయిన కుటుంబాలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. ఆ ఏడాది శిక్షణ నిజంగా అక్కరకొచ్చే విద్యార్థులేమో మార్కుల దగ్గరో, పేరు దగ్గరో చిన్న తేడా ఉన్న కారణంగా ధ్రువపత్రాల పరిశీలన బల్ల దగ్గరి నుంచే వెనక్కి వస్తున్నారు. ఈ రెండు రకాల నష్టాలకూ మూలం ఒక్కటే: నోటిఫికేషన్‌లోని ఏ మాట దేన్ని ఇస్తుందో, దేన్ని ఇవ్వదో ముందుగా తెలుసుకోకపోవడం. అందువల్ల దరఖాస్తు విధానంతో పాటు ఆ మాటలను కూడా ఎక్కడికక్కడ వివరిస్తున్నాను.

ఈ శిక్షణకు ఆధారం 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం. మొదట ఐటీఐ వృత్తులకే పరిమితమైన ఆ చట్టంలోకి 1973 సవరణతో ఇంజనీరింగ్ పట్టభద్రులు, డిప్లొమా అభ్యర్థులు వచ్చారు. 2014 సవరణతో బీఏ, బీకాం, బీఎస్సీ వంటి సాధారణ డిగ్రీల వారికీ దారి తెరుచుకుంది. పట్టభద్రులకు ఉద్దేశించిన పథకం పేరు జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం. పొట్టిగా నాట్స్ అంటారు. అమెరికాలోని ఒక తెలుగు సంఘానికీ ఇదే పొట్టి పేరు ఉండటంతో ఇంటర్నెట్‌లో తెలుగులో వెతికితే ముందుగా ఆ సభల వార్తలే వస్తాయి కాబట్టి, కేంద్ర విద్యాశాఖ పోర్టల్ చిరునామాను నేరుగా టైపు చేసుకోవడమే మేలు: ఎన్‌ఏటీఎస్ డాట్ ఎడ్యుకేషన్ డాట్ జీఓవీ డాట్ ఇన్. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ చెన్నైలోని దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్ శిక్షణ మండలి పరిధిలోకి వస్తాయి.

ఒకేలా వినిపించే నాలుగు పేర్లు

గ్రాడ్యుయేట్ ఇంజనీర్ ట్రైనీ అంటే ఉద్యోగి. ఎంపికైన నాటి నుంచే జీతం, పీఎఫ్ ఉంటాయి. శిక్షణ, ప్రొబేషన్ ముగిశాక సర్వీసు ఖరారవుతుంది. చాలా ప్రభుత్వరంగ సంస్థలు ఈ పోస్టులను గేట్ స్కోరు ద్వారానో, సొంత రాతపరీక్ష ద్వారానో నింపుతాయి. గ్రాడ్యుయేట్ అప్రెంటిస్ ట్రైనీ అంటే ఉద్యోగి కాదు. చట్టం అతన్ని శిక్షణార్థిగానే చూస్తుంది, కార్మికుడిగా చూడదు. అతనికి వచ్చేది జీతం కాదు, స్టైపెండ్. అందులో పీఎఫ్, ఈఎస్‌ఐ కోతలు ఉండవు, కాబట్టి వాటి ప్రయోజనాలూ ఉండవు. ఒకే సంస్థ ఈ రెండు నోటిఫికేషన్లనూ వేర్వేరు నెలల్లో ఇస్తుంటుంది. వాట్సాప్‌లో తిరిగే చిత్రంలో సంస్థ పేరు, ఖాళీల సంఖ్య మాత్రమే పెద్ద అక్షరాల్లో ఉంటాయి. ‘ఒక సంవత్సరం’ అన్న ముక్క ఏ మూలో చిన్నగా కనిపిస్తుంది.

మూడోది ట్రేడ్ అప్రెంటిస్. ఇది ప్రధానంగా ఐటీఐ చదివిన వారికి ఉద్దేశించినది. దాని పోర్టల్ వేరు, చూసే మంత్రిత్వ శాఖ కూడా వేరు. రైల్వే అప్రెంటిస్ ప్రకటనలు ఎక్కువగా ఈ కోవకు చెందుతాయి కనుక బీటెక్ అర్హతతో వాటికి దరఖాస్తు చేసి తిరస్కరణ తెచ్చుకోవలసిన పని లేదు. నాలుగోది ఇంటర్న్‌షిప్. ఇది చదువులో భాగంగానో, చదువుతుండగానో చేసేది. కళాశాల ఇచ్చే క్రెడిట్లకు పనికొస్తుంది కానీ, అప్రెంటిస్ చట్టం కింద లెక్కకు రాదు.

నమోదు

పోర్టల్‌లో విద్యార్థిగా నమోదు కావడానికి రుసుము లేదు. ఆధార్ సంఖ్య, దానికి జతపడిన ఫోను, ఈమెయిల్, ఫొటో, చదువు వివరాలు, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ దగ్గర ఉంటే ఇంట్లో కూర్చునే పూర్తి చేయవచ్చు. మీసేవ కేంద్రానికో, నెట్ సెంటరుకో వెళ్లినా వారి శ్రమకు ఇచ్చే మొత్తం తప్ప ప్రభుత్వానికి కట్టేది ఏమీ ఉండదు. పూర్తయ్యాక ఒక నమోదు సంఖ్య వస్తుంది. ఫారంలో నెట్ సెంటరు వారి ఈమెయిల్ మాత్రం ఇవ్వవద్దు. తరువాత వచ్చే ప్రతి సమాచారమూ దానికే వెళుతుంది.

అర్హత విషయంలో మూడు షరతులను నోటిఫికేషన్లు దాదాపు ఒకేలా రాస్తాయి: డిగ్రీ పూర్తయి ఐదేళ్లు దాటి ఉండకూడదు, అంతకుముందు ఎక్కడా అప్రెంటిస్‌షిప్ చేసి ఉండకూడదు, ఏడాది లేదా అంతకు మించిన ఉద్యోగ అనుభవం ఉండకూడదు. అనుభవం ఉంటే మంచిదే కదా అని చిన్న కంపెనీలో చేసిన రెండేళ్ల పనిని రెజ్యూమెలో రాసుకున్న అభ్యర్థి, ఈ ఒక్కచోట దానివల్లే అర్హత కోల్పోతాడు. పని చేసిన విషయాన్ని దాచడం కూడా దారి కాదు. పీఎఫ్ ఖాతా ఉంటే బయటపడుతుంది.

ప్రొవిజనల్ సర్టిఫికెట్, మార్కుల మెమో

విశ్వవిద్యాలయం ఇచ్చే కాగితాలను విద్యార్థులు పీసీ, సీఎంఎం, ఓడీ అని పిలుచుకుంటారు. సీఎంఎం అంటే అన్ని సెమిస్టర్ల మార్కులూ ఒకేచోట ఉండే మెమో. ఓడీ అంటే అసలు పట్టా. అది రావడానికి సమయం పడుతుంది కాబట్టి నమోదుకు పీసీ, అంటే ప్రొవిజనల్ సర్టిఫికెట్, సరిపోతుంది. ఐదేళ్ల లెక్కకు పీసీ చేతికొచ్చిన తేదీ ఆధారం కాదు; అందులో రాసి ఉండే ఉత్తీర్ణత నెల, సంవత్సరమే ఆధారం. బ్యాక్‌లాగ్‌లు ఉండి సప్లిమెంటరీలో గట్టెక్కిన వారికి చివరి సబ్జెక్టు పాసైన నెలే అక్కడ ఉంటుంది. తోటివారితో పాటు కోర్సు ముగిసిన సంవత్సరాన్ని ఫారంలో నింపితే రెండూ పొసగవు.

ఇంతకంటే ఎక్కువ మందిని దెబ్బతీసేది శాతం. ఈ ఎంపికలు చాలావరకు రాతపరీక్ష లేకుండా డిగ్రీ మార్కుల శాతం మీదే జరుగుతాయి కాబట్టి జాబితాలో పేరు ఎక్కడుంటుందో తేల్చేది ఆ ఒక్క అంకె. సీజీపీఏను, అంటే పది పాయింట్లకు లెక్కగట్టే సగటు గ్రేడును, పదితో హెచ్చవేసి శాతంగా రాసేయడం అలవాటుగా జరిగే పొరపాటు. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఇటీవలి నిబంధనల్లో సీజీపీఏ నుంచి 0.5 తీసివేసి, మిగిలిన దాన్ని పదితో హెచ్చవేయాలి, అంటే 7.2 సీజీపీఏ ఉన్న అభ్యర్థి రాయవలసింది 67 శాతం, 72 కాదు. ఇతర విశ్వవిద్యాలయాలకు, ఒకే విశ్వవిద్యాలయంలో వేర్వేరు రెగ్యులేషన్లకు సూత్రం మారుతుంది కనుక మీ సీఎంఎం వెనుక పేజీలోనో, పరీక్షల విభాగం వెబ్‌సైట్‌లోనో ఉన్న సూత్రాన్నే వాడి, దాని ప్రతిని వెంట ఉంచుకోండి. 72 అని రాసి షార్ట్‌లిస్ట్‌లోకి వచ్చిన వ్యక్తిని పరిశీలన రోజున 67 దగ్గరికి దించడం ఉండదు. తప్పుడు సమాచారం కింద పేరు తీసేస్తారు.

పేరు సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ఉండటం మన దగ్గర మామూలే. పదో తరగతి మెమోను బట్టి ఆధార్‌ను సరిచేయించుకోవడం సులువు. మెమోను మార్చడం సులువు కాదు.

నమోదు వేరు, దరఖాస్తు వేరు

నమోదు సంఖ్య రాగానే పని అయిపోయిందని ఇంట్లో కూర్చుని ఎదురుచూసేవారు చాలామంది. నమోదు అంటే పోర్టల్‌లో మీ పేరు ఉండటం మాత్రమే; కోరుకున్న సంస్థకు అదే పోర్టల్‌లో లాగిన్ అయి విడిగా దరఖాస్తు చేయాలి. కొన్ని సంస్థలు ఇది చాలదని, తమ సొంత వెబ్‌సైట్‌లో కూడా ఫారం నింపమంటాయి. మన ప్రాంతంలో పట్టభద్ర అప్రెంటిస్‌లను తీసుకునే హైదరాబాద్ ఈసీఐఎల్, విశాఖ ఉక్కు కర్మాగారం, ఆర్టీసీ వంటి సంస్థలు ఏ ఏడాది ఏ పద్ధతి పాటిస్తాయన్నది ఆయా నోటిఫికేషన్‌లో ‘దరఖాస్తు విధానం’ శీర్షిక కింద ఉంటుంది. పోయినేడు స్నేహితుడు చేసిన పద్ధతిని నమ్ముకోవద్దు. రెండింటిలో ఒకటి చేసి మరొకటి వదిలేస్తే దరఖాస్తు అందలేదనే లెక్క.

ఆ తరువాత షార్ట్‌లిస్ట్, ధ్రువపత్రాల పరిశీలన ఉంటాయి. ఒరిజినళ్లను చూసి అదే రోజు తిరిగి ఇచ్చేయాలి. సంస్థ ఏదైనా సరే, శిక్షణ పూర్తయ్యే దాకా ఒరిజినళ్లు తమ దగ్గరే ఉంటాయని అంటే అక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. ఎంపిక అయినట్లు వచ్చే ఈమెయిల్‌ను కొందరు ఆఫర్ లెటర్ అని, కొందరు లెటర్ ఆఫ్ ఇంటెంట్ అని అంటారు. పేరు ఏదైనా అది తీసుకోవాలనుకుంటున్నామని తెలిపే లేఖ మాత్రమే. దాన్ని చూసుకుని చేతిలో ఉన్న ఉద్యోగానికి రాజీనామా చేయడం తొందరపాటు.

అసలు కాగితం: కాంట్రాక్టు

అప్రెంటిస్ చట్టం ప్రకారం సంస్థకూ శిక్షణార్థికీ మధ్య కాంట్రాక్టు కుదిరి, అది నమోదు కావాలి. పోర్టల్‌లో సంస్థ దాన్ని తయారు చేస్తుంది, అభ్యర్థి అంగీకరిస్తాడు, ఆపై చెన్నై మండలి స్థాయిలో ఆమోదం పొందుతుంది. గేటు పాసు, యూనిఫాం, గుర్తింపు కార్డు అన్నీ ఉండి కాంట్రాక్టు లేకపోతే, చట్టం దృష్టిలో మీరు అప్రెంటిస్ కారు: ప్రభుత్వ వాటా స్టైపెండ్ రాదు, చివర ధ్రువపత్రం రాదు, పనిలో ప్రమాదం జరిగితే అప్రెంటిస్‌గా ఆ చట్టం కింద నష్టపరిహారం అడిగే ఆధారం మిగలదు. కొన్ని ప్రైవేటు సంస్థలు ‘అప్రెంటిస్’ అని పిలుస్తూ కాంట్రాక్టు ఊసెత్తకుండా నెలలు గడిపేయడం వెనుక ఉన్న సంగతి ఇదే. చేరిన మొదటి వారంలోనే మీ లాగిన్‌లో కాంట్రాక్టు కనిపిస్తోందా అని చూడండి. లేకపోతే హెచ్‌ఆర్ విభాగాన్ని ఈమెయిల్ ద్వారా అడగండి. నోటితో అడిగితే నోటితోనే సమాధానం వస్తుంది.

కాంట్రాక్టు కనిపించాక అంగీకారం నొక్కే ముందు నాలుగు గడులు చదవాలి. మొదటిది ప్రారంభ తేదీ: మీరు ఒకటో తేదీన చేరినా కాంట్రాక్టులో ఇరవయ్యో తేదీ ఉంటే శిక్షణ కాలం ఇరవై నుంచే లెక్క, ముందు చేసిన రోజులు దేనికీ రావు. రెండోది శిక్షణ అంశం: ఎలక్ట్రికల్ చదివిన వ్యక్తికి అక్కడ మరో బ్రాంచి పేరు పడితే చివరి ధ్రువపత్రంలోనూ అదే పడుతుంది. మూడోది స్టైపెండ్. 2019 నియమాల ప్రకారం పట్టభద్రులకు నెలకు కనీసం 9,000 రూపాయలు, డిప్లొమా వారికి 8,000. కనీస మొత్తంలో సగం కేంద్రం భరిస్తుంది. ఈ మొత్తాలను పెంచాలని 2025లో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫారసు చేసింది కనుక, మీ నోటిఫికేషన్‌లో ఉన్న అంకె, కాంట్రాక్టులో ఉన్న అంకె ఒక్కటేనా అన్నది చూసుకోవాలి. నాలుగోది శిక్షణ తరువాతి సేవకు సంబంధించిన షరతు. శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టం ఏ సంస్థనూ నిర్బంధించదు. తన దగ్గర శిక్షణ పొందిన వారి నియామకంపై ఒక విధానం రూపొందించుకోమని మాత్రమే అంటుంది. అయితే ‘శిక్షణ తరువాత ఇక్కడే పనిచేయాలి’ అన్న షరతు కాంట్రాక్టులోనే ఉంటే అది ఇరువైపులా కట్టుబాటు: సంస్థ తగిన ఉద్యోగం ఇవ్వాలి, మీరు చేయాలి. కాంట్రాక్టు బయట, స్టాంపు కాగితం మీద మీ ఒక్కరి చేత మాత్రమే సంతకం పెట్టించుకునే బాండుకు, దీనికి పోలిక లేదు.

ఇంకో మాట. కాంట్రాక్టు ఒకసారి నమోదైతే, మధ్యలో మానేసినా మీరు ‘అంతకుముందు అప్రెంటిస్‌షిప్ చేసినవారు’ అయిపోతారు. ఇంటి దగ్గర ఉందని ఒక చిన్న సంస్థలో చేరి, రెండు నెలలకు పెద్ద సంస్థ జాబితాలో పేరు వచ్చాక అటు వెళ్లలేక బాధపడేవారు ఏటా ఉంటారు. కాంట్రాక్టును కారణం లేకుండా తెంచుకుంటే శిక్షణ ఖర్చు వసూలు చేసే వీలు కూడా సంస్థకు చట్టంలో ఉంది. తప్పు సంస్థదైతే పరిహారం చెల్లించవలసింది సంస్థే. ఆ సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. గ్రూప్స్‌కు చదువుతూ ఖర్చులకు ఉంటుందిలే అని చేరేవారు ఈ ఏడాది తమకు ఒక్కసారే దొరుకుతుందని గుర్తుంచుకోవాలి.

డబ్బు ఏ ఖాతాకు వస్తుంది

ప్రభుత్వ వాటా ఆధార్ ఆధారంగా నేరుగా బ్యాంకు ఖాతాకు జమ అవుతుంది. పాసుపుస్తకం ప్రతి ఇచ్చిన ఖాతాకే వస్తుందనుకుంటే పొరపాటు. నగదు బదిలీ కోసం మీ ఆధార్‌ను చివరగా ఏ బ్యాంకు ఖాతాకు అనుసంధానించారో దానికి వెళుతుంది. ఇంటర్‌లోనో, డిగ్రీలోనో స్కాలర్‌షిప్ కోసం తెరిచి మరచిపోయిన ఖాతా ఉంటే ముందుగా దాని సంగతి తేల్చుకోండి. ఖాతాకు కేవైసీ కోసం ఆధార్ ఇవ్వడం వేరు, నగదు బదిలీకి అనుసంధానించడం వేరు. రెండో దానికి బ్యాంకులో విడిగా అంగీకార పత్రం ఇవ్వాలి. సంస్థ వాటా వచ్చి ప్రభుత్వ వాటా రాకపోతే మొదట చూడవలసింది ఇదే.

మధ్యవర్తుల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మార్కుల శాతం మీద, పోర్టల్‌లో, రుసుము లేకుండా జరిగే ఎంపికలో ‘బ్యాక్‌డోర్’కు చోటు లేదు. డబ్బు అడిగే వ్యక్తి, మీరు ఎలాగూ ఎంపికయ్యే అవకాశం మీద పందెం కాస్తున్నాడు; పేరు వస్తే తన ఘనత అంటాడు, రాకపోతే ఫోను ఎత్తడు. ఇప్పటికే కట్టినవారు లావాదేవీ వివరాలతో పోలీసులకు, ఆన్‌లైన్‌లో చెల్లించి ఉంటే 1930 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు.

ఏడాది ముగిశాక చెన్నై మండలి పేరిట వచ్చేది ప్రావీణ్య ధ్రువపత్రం. సంస్థ తన లెటర్‌హెడ్ మీద ఇచ్చే అనుభవ పత్రం దీనికి బదులు కాదు. ధ్రువపత్రం రావాలంటే శిక్షణ కాలంలో హాజరు, పురోగతి వివరాలను సంస్థ పోర్టల్‌లో ఎప్పటికప్పుడు నమోదు చేసి ఉండాలి కాబట్టి, చివరి నెల మొదలవగానే అవి పూర్తయ్యాయో లేదో శిక్షణ విభాగంలో అడిగి, ఖాళీలుంటే మీరు అక్కడ ఉండగానే నింపించుకోండి. గేటు పాసు వెనక్కి ఇచ్చేశాక ఆ పని చేయించుకోవడానికి లోపలికి వెళ్లడమే కష్టమవుతుంది.