హెచ్‌యూడీ ప్రొటీన్ ఆర్‌ఎన్‌ఏను పట్టుకోవడం లేదా? ముందు 260/280 చూడండి

హెచ్‌యూడీ మన నాడీకణాల్లో ఉండే ప్రొటీన్. దీనికే ఈఎల్‌ఏవీఎల్4 అని ఇంకో పేరు. 380 అమైనో ఆమ్లాలు, దాదాపు 42 కిలోడాల్టన్లు. జీఏపీ-43 (నాడీతంతువుల పెరుగుదలకు తోడ్పడే ప్రొటీన్) లాంటి వాటి ఎంఆర్‌ఎన్‌ఏలు తొందరగా చెడిపోకుండా కాపాడుతుంది. ఆర్‌ఎన్‌ఏను పట్టుకునే భాగాలు ఇందులో మూడున్నాయి. ఏ, యూ అక్షరాలు దండిగా ఉన్న వరసలను మొదటి రెండూ పట్టుకుంటాయి. ఈ-కొలై బ్యాక్టీరియాలో ఈ ప్రొటీన్ తయారుచేసుకునేవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బందులు ఇవి.

సమస్య: ప్రొటీన్ బాగానే ఉంది, జెల్ షిఫ్ట్‌లో మాత్రం బ్యాండ్ కదలదు

జెల్ షిఫ్ట్ అంటే ఆర్‌ఎన్‌ఏకు ప్రొటీన్ అతుక్కుంటే జెల్‌లో అది నెమ్మదిగా కదులుతుందని చూసే పరీక్ష. చాలామంది వెంటనే ప్రోబ్‌ను (పరీక్షకు వాడే గుర్తుపెట్టిన ఆర్‌ఎన్‌ఏ ముక్కను) అనుమానిస్తారు. నేనైతే ముందు ప్రొటీన్‌నే నానోడ్రాప్ (చుక్క నమూనా ఎంత కాంతిని పీల్చుకుంటుందో కొలిచే యంత్రం) మీద పెడతాను. శుభ్రమైన ప్రొటీన్‌కు 260/280 నిష్పత్తి (260 నానోమీటర్ల కాంతిని పీల్చుకునేదానికీ 280 దగ్గర పీల్చుకునేదానికీ నిష్పత్తి) 0.6 దగ్గర ఉండాలి. 1 దాటి 1.5 వైపు వెళ్తోందంటే బ్యాక్టీరియా ఆర్‌ఎన్‌ఏ ప్రొటీన్‌ను అంటిపెట్టుకుని వచ్చేసిందన్నమాట. కుర్చీలో ముందే ఒకరు కూర్చుని ఉంటే మీ ప్రోబ్‌కు చోటెక్కడిది? పైగా ఆ ఆర్‌ఎన్‌ఏ 280 దగ్గర కూడా కాంతిని పీల్చుకుంటుంది కాబట్టి ప్రొటీన్ గాఢత ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. బ్రాడ్‌ఫర్డ్‌తో (రంగు మార్పుతో ప్రొటీన్‌ను కొలిచే పరీక్షతో) సరిచూస్తే తేడా తెలిసిపోతుంది. నానోడ్రాప్‌లో బ్లాంక్‌గా (సున్నా చేసుకునే నమూనాగా) నీళ్లు కాకుండా అదే బఫర్ పెట్టండి. ఇమిడజోల్ (నికెల్ కాలమ్ నుంచి ప్రొటీన్‌ను దించే రసాయనం), పాతబడిన డీటీటీ (ప్రొటీన్ ఆక్సీకరణ చెందకుండా వేసేది) కూడా లెక్క తప్పిస్తాయి.

పరిష్కారం నికెల్ కాలమ్ (హిస్టిడిన్ తోక ఉన్న ప్రొటీన్‌ను పట్టుకుని వడబోసే గొట్టం) మీదే మొదలవ్వాలి. ప్రొటీన్ కాలమ్‌కు అతుక్కుని ఉండగానే 1 మోలార్ సోడియం క్లోరైడ్ ఉన్న బఫర్‌తో తీరిగ్గా కడగండి. ఆర్‌ఎన్‌ఏ చాలావరకు అక్కడే ఊడిపోతుంది. తర్వాత ఉప్పు తగ్గించి హెపారిన్ కాలమ్ (ఆర్‌ఎన్‌ఏను పట్టుకునే ప్రొటీన్లు అతుక్కునేది) ఎక్కిస్తే మిగిలింది కూడా పోతుంది. ఆర్‌ఎన్‌ఏస్-ఏ (ఆర్‌ఎన్‌ఏను కోసే ఎంజైమ్) వేసి పని కానిచ్చేద్దామని అనిపిస్తుంది, దయచేసి వేయకండి. అది మరిగించినా పూర్తిగా చావదు. చుక్క మిగిలినా రేపు మీ ప్రోబ్‌నే తినేస్తుంది.

నిష్పత్తి సరిగ్గానే ఉన్నా షిఫ్ట్ రాకపోతే, అప్పుడు ప్రోబ్‌ను యూరియా జెల్ (ఆర్‌ఎన్‌ఏను పొడవును బట్టి విడదీసేది) మీద నడపండి. ఒకే గీత రాకుండా కిందికి సాగిన మరక కనిపిస్తే ఆర్‌ఎన్‌ఏ విరిగిపోయింది. ఆర్‌ఎన్‌ఏస్ ఇన్‌హిబిటర్ (ఆర్‌ఎన్‌ఏను కోసే ఎంజైములను ఆపేది) వేశాం కదా అంటారు. డీటీటీ లేకపోతే అది సరిగా పనిచేయదు.

సమస్య: బ్యాండ్ జెల్ బావిలోనే (నమూనా పోసే గుంటలోనే) ఇరుక్కుపోయింది

ప్రొటీన్ ముద్దకట్టింది, లేదా మరీ ఎక్కువ వేశారు. వాడే ముందు 4 డిగ్రీల దగ్గర వేగంగా తిప్పి పైనున్న ద్రవం మాత్రమే తీసుకోండి. ఈస్ట్ టీఆర్‌ఎన్‌ఏ కొద్దిగా కలిపితే కనపడ్డ ఆర్‌ఎన్‌ఏనల్లా పట్టుకోవడం తగ్గుతుంది.

సమస్య: ఫ్రీజర్ నుంచి తీస్తే ట్యూబులో తెల్లటి పొర

వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి, పలుచటి పొగమంచులా కదులుతుంది. ఉప్పు తక్కువైనా, మళ్లీ మళ్లీ గడ్డకట్టించి కరిగించినా ఇలా అవుతుంది. ఆర్‌ఎన్‌ఏ వదిలిన తర్వాత ఈ ప్రొటీన్ తక్కువ ఉప్పులో నిలకడగా ఉండదు. 300 నుంచి 500 మిల్లీమోలార్ ఉప్పు, 10 శాతం గ్లిసరాల్, 1 మిల్లీమోలార్ డీటీటీతో, ఒక్కసారికి సరిపడా చిన్న చిన్న ట్యూబుల్లో దాచండి. షిఫ్ట్ పెట్టేటప్పుడు ఆ ఉప్పు కూడా వెంట వస్తుందని గుర్తుంచుకుని లెక్క వేసుకోండి. ఎక్కువైతే పట్టు సడలిపోతుంది.

సమస్య: ప్రొటీన్ జెల్ మీద 42 కిలోడాల్టన్ల కిందుగా ఇంకో బ్యాండ్

రెండు, మూడు భాగాల మధ్య ఉన్న పొడవాటి వదులు ముక్క దగ్గర ప్రొటియేజులు (ప్రొటీన్లను కోసే ఎంజైములు) సులువుగా కోస్తాయి. ఇందులో మోసం ఏమిటంటే, మొదటి రెండు భాగాలున్న ముక్క కూడా ఏ-యూ వరసను పట్టుకుంటుంది. షిఫ్ట్ వచ్చింది కదా అని సంతోషపడేలోపు ప్రొటీన్ జెల్ చూసుకోండి. కణాలను పగలగొట్టే ముందు పీఎంఎస్ఎఫ్ (ప్రొటియేజులను ఆపే రసాయనం) అప్పటికప్పుడు కలపండి, నీళ్లలో అది ఎక్కువసేపు ఉండదు. ప్రొటియేజులను ఆపే మాత్రలు వాడితే ఈడీటీఏ (లోహాలను లాగేసుకునే రసాయనం) లేనివే తీసుకోండి. ఉంటే నికెల్ కాలమ్ నీలిరంగు పోయి తెల్లబడుతుంది, ప్రొటీన్ కూడా జారిపోతుంది.