ఊపిరి లెక్క – మూడో పాఠం: నడిచాక చూడాలి

గత పాఠంలో కూర్చున్నవారి శ్వాసను నిమిషంపాటు లెక్కపెట్టడం నేర్చుకున్నాం. ఈ వారం అదే మనిషిని లేపి నడిపిద్దాం. క్యాన్సర్ చికిత్స వల్ల ఊపిరితిత్తులకు తగిలిన దెబ్బ కూర్చున్నప్పుడు దాగి, నడిచినప్పుడు బయటపడవచ్చు.

ఈ సంగతి నాకు మా అక్క వల్ల తెలిసింది. హాడ్జ్‌కిన్ లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్‌కు చెన్నైలో కీమో నడుస్తున్నప్పుడు సైదాపేటలో రెండో అంతస్తులో అద్దెకు ఉండేవాళ్లం. అక్క మెట్ల మలుపులో ఆగి సంచిలో తాళంచెవి వెతుక్కునేది. మూడు రోజులు అదే చోట వెతికింది. తాళంచెవి నా చేతిలోనే ఉందని నాలుగో రోజు గాని నాకు తట్టలేదు. పొడి దగ్గు వస్తుంటే ముసురు పట్టినందువల్లనే అనుకున్నాం. కూర్చోబెట్టి చూస్తే, వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సిమీటర్‌లో 97. మెట్లెక్కి రాగానే 91.

ఆమె మందుల్లో బ్లియోమైసిన్ ఉంది. దాన్ని విరిచే ఎంజైము ఊపిరితిత్తుల్లోనూ చర్మంలోనూ చాలా తక్కువ. అందుకే దెబ్బ ఎక్కువగా అక్కడే పడుతుంది. మొత్తం మోతాదు 400 యూనిట్లు దాటితే ముప్పు బాగా పెరుగుతుంది, దాటకపోయినా లేకపోలేదు. ఛాతీకి రేడియేషన్ ఇచ్చినవారిలో ఇదే దగ్గు, ఆయాసం తరచుగా ఒకటి నుంచి మూడు నెలల తర్వాత మొదలవుతాయి. చికిత్స ముగిసిందని ఇల్లంతా ఊపిరి పీల్చుకునే సమయం అది.

ఇక పనిలోకి వద్దాం. గోళ్ల రంగు తుడిచేయండి. వేళ్లు చల్లగా ఉంటే రుద్దండి. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, అంకె నిలకడగా నిలిచాక రాసుకోండి. అది 94 కంటే తక్కువున్నా, గుండెల్లో నొప్పి ఉన్నా నడిపించవద్దు, వెంటనే డాక్టరుకు ఫోను చేయండి. బాగుంటే వరండాలో ఆరు నిమిషాలు వారి మామూలు నడక నడవనివ్వండి. పక్కనే ఉండండి. కళ్లు తిరిగినా, అంకె 90కి దిగినా అక్కడితో ఆపేయాలి. ఆగిన క్షణమే మళ్లీ అంకె చూడాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, ఫ్యాను వేసి, ఆ తర్వాత వేలికి తగిలిస్తారు. అప్పటికి 97 తిరిగి వచ్చేస్తుంది.

రెండు అంకెల మధ్య తేడా 4 గాని అంతకంటే ఎక్కువ గాని ఉంటే అదే రోజు ఆసుపత్రికి చెప్పండి. నల్లని చర్మం మీద ఈ యంత్రం అసలు కంటే ఎక్కువ చూపించవచ్చు కాబట్టి అంకె ఒక్కటే చూసి ధైర్యపడవద్దు, ఎంత పడిందో చూడండి.

మా నోటుపుస్తకంలో ఒక వరుస ఇది: “మంగళవారం, ఉదయం 7. ముందు 97, తర్వాత 92. రెండుసార్లు ఆగింది. పొడి దగ్గు. జ్వరం లేదు.” అంతకుముందు “ఆయాసంగా ఉందండి” అంటే నీరసమే అన్న డాక్టరు, ఈ వరుస చదివి స్కానింగ్ రాశారు.

ఇంట్లో మిగిలిన ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర మాత్రం సొంతంగా వేయవద్దు. ఇన్‌ఫెక్షన్, క్షయ కూడా ఇలాగే కనిపిస్తాయి, వాటికి అది చేటు చేయగలదు.

ఈ వారం అభ్యాసం: రోజు విడిచి రోజు, ఒకే వేళకు నడిపించి రాయండి. పుస్తకం మొదటి పేజీలో మందు పేరు, చివరి మోతాదు తేదీ పెద్ద అక్షరాలతో ఉండాలి. బ్లియోమైసిన్ తీసుకున్నవారికి ఎన్నేళ్ల తర్వాత ఆపరేషన్ జరిగినా, మత్తు డాక్టరుకు ఆ పేజీ ముందే చూపించాలి. ఆక్సిజన్ అవసరానికి మించి ఇస్తే ఆ ఊపిరితిత్తులు మళ్లీ దెబ్బతినవచ్చు.

వచ్చే పాఠం మెట్ల గురించి.