పాత రేంజ్‌ఫైండర్ కెమెరా మొరాయిస్తే: లక్షణాన్ని బట్టి లోపం పట్టుకోవడం

బీరువాలోంచి బయటపడిన పాత రేంజ్‌ఫైండర్‌తో (రెండు బొమ్మలను కలిపి ఫోకస్ కుదుర్చుకునే ఫిల్మ్ కెమెరా) ఒక రీలు తీసి, కడిగించి, ఫొటోలు చూసి నిరాశతో మళ్లీ బీరువాలో పెట్టేసినవాళ్లను చాలామందిని చూశాను. డిజిటల్‌లో పొరపాటు అప్పటికప్పుడే తెరమీద కనబడుతుంది. ఫిల్మ్‌లో 36 ఫొటోలూ అయిపోయి, రీలు కడిగించాక గానీ బయటపడదు. ఈ కెమెరాల్లో చాలా లోపాలు చిన్నవే, రీలు వేయకముందే చాలామటుకు పట్టుకోవచ్చు. సెకండ్‌హ్యాండ్‌లో తేలిగ్గా దొరుకుతుంది కాబట్టి ఎక్కువగా యాషికా ఎలక్ట్రో 35 గురించే చెబుతాను. ఈ వరుస 1966లో మొదలైంది. జీఎస్ఎన్ మోడల్ 1973లో వచ్చింది. దాని 45 ఎంఎం ఎఫ్/1.7 లెన్స్ అంటే నాకు ఇప్పటికీ మోజే.

రీలు మొత్తం ఖాళీగా వచ్చింది

ముందు నెగటివ్ అంచులు చూడండి. కంపెనీ పేరు, ఫ్రేము నంబర్లు కనిపిస్తున్నాయా? కనిపిస్తే కడగడంలో తప్పు లేదు, ఫిల్మ్‌కు వెలుతురే తగల్లేదన్నమాట. అవీ లేకపోతే తప్పు కడగడంలో జరిగింది.

వెలుతురు తగలకపోవడానికి మామూలుగా రెండే కారణాలు. ఒకటి, ఫిల్మ్ కొస స్పూలుకు పట్టుకోలేదు. ఫిల్మ్‌ను ముందుకు జరిపే లీవర్ తిప్పినప్పుడు రెండో పక్కనున్న రివైండ్ నాబ్ కూడా తిరుగుతోందో లేదో చూస్తే ఇది తెలిసిపోతుంది. తిరగకపోతే రీలు కదలడం లేదు. రెండోది లెన్స్ మూత. రేంజ్‌ఫైండర్‌లో మన కన్ను చూసేది లెన్స్‌లోంచి కాదు, పక్కనున్న చిన్న కిటికీలోంచి (వ్యూఫైండర్). మూత ఉన్నా దృశ్యం శుభ్రంగా కనిపిస్తుంది. మా చెల్లెలి సీమంతం రోజున నేను అలాగే ఒక రీలు మొత్తం పోగొట్టాను. ఆ ఫొటోలు ఇప్పటికీ లేవు. అప్పటినుంచి ఎలక్ట్రోకు మూత మానేసి, యూవీ ఫిల్టర్ బిగించి ఉంచుతున్నాను.

అయితే గుడ్డ షట్టర్ (ఫిల్మ్ ముందు తెరుచుకుని మూసుకునే తెర) ఉన్న పాత లైకాలకు, సోవియట్ జోర్కీలకు మాత్రం మూత ఉండాల్సిందే. లెన్స్ ఎండకు ఎదురుగా ఉంటే, భూతద్దం కాగితాన్ని కాల్చినట్టు, షట్టర్ గుడ్డకు చిల్లు పడుతుంది. ప్రతి ఫొటోలోనూ ఒకేచోట తెల్ల మచ్చ వస్తుంటే అనుమానించాల్సింది దీన్నే. లెన్స్ తీసి, చీకటి గదిలో ఒకవైపు నుంచి టార్చి వేసి చూడండి.

ఫొటోలు మసకగా ఉన్నాయి

వ్యూఫైండర్‌లో దృశ్యమంతా ఎప్పుడూ స్పష్టంగానే ఉంటుంది కాబట్టి అది చూసి ఫోకస్ కుదిరిందనుకోకూడదు. మధ్యలో ఉన్న పసుపు మచ్చలోని రెండు బొమ్మలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయా అన్నదే లెక్క.

ఫోకస్ రింగును అనంతం గుర్తు దగ్గర పెట్టి దూరంగా ఉన్న సెల్ టవర్‌నో చంద్రుణ్నో చూడండి. రెండు బొమ్మలు పక్కపక్కన విడిపోయి కనిపిస్తే రేంజ్‌ఫైండర్ అమరిక పక్కకు జరిగిపోయింది, ఫోకస్ తప్పుతుంది. ఒకటి పైన ఒకటి కింద ఉంటే కంటికి చిరాకే గానీ ఫోకస్‌కు పెద్ద నష్టం లేదు. సరిచేయడానికి చాలా మోడళ్లలో పైమూత విప్పాలి. చెయ్యి తిరిగిన మెకానిక్‌కి ఇవ్వడం మేలు. మచ్చ వెలిసిపోయి కనబడకపోతే, వ్యూఫైండర్ ముందు అద్దం మధ్యలో చిన్న నల్ల టేపు ముక్క అంటించండి. మచ్చ తేటపడుతుంది.

ఫిల్మ్‌మీద బాగా పనిచేసిన లెన్స్ డిజిటల్ రేంజ్‌ఫైండర్‌మీద గురి తప్పుతోందా? ఎప్సన్ ఆర్-డి1 (2004), లైకా ఎం8 (2006) వచ్చినప్పటి నుంచీ ఉన్న ఫిర్యాదే ఇది. ఫిల్మ్ పొరకు కాస్త మందం ఉంటుంది, పైగా మనం చూసేది చిన్న ప్రింటు. కొద్దిపాటి తేడా అందులో దాక్కుంటుంది. సెన్సర్ చదునుగా ఉంటుంది, తెరమీద పెద్దది చేసి చూస్తాం. ఒక స్కేలును వాలుగా పెట్టి, మీటరు దూరం నుంచి అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి తీయండి. అన్ని లెన్స్‌లూ ఒకే వైపు తప్పితే లోపం బాడీలో, ఒక్కటే తప్పితే ఆ లెన్స్‌లో.

దీపాలు వెలగడం లేదు

ఎలక్ట్రోలో వెలుతురు ఎక్కువైనా తక్కువైనా హెచ్చరించే చిన్న దీపాలుంటాయి. దానికి కావాల్సింది 5.6 వోల్టుల పాదరసం బ్యాటరీ. అది ఇప్పుడు రాదు. 6 వోల్టుల 4ఎల్ఆర్44 సెల్లును అడాప్టర్‌తో వేసుకుంటే చాలు. సెల్లు లేకుండా కూడా షట్టర్ పడుతుంది గానీ 1/500 సెకను వేగంతో మాత్రమే. అందుకే క్లిక్‌మన్నంత మాత్రాన కెమెరా బాగుందనుకోకండి. సెల్లు పెట్టే అరలో పాత సెల్లు కారి తెల్లగా పొడి కట్టి ఉంటే దూదిపుల్లను వెనిగర్‌లో ముంచి తుడవండి.

1.35 వోల్టుల సెల్లుతో నడిచే క్యానన్ క్యానొనెట్ లాంటి కెమెరాలకు మామూలు 1.5 వోల్టుల సెల్లు వేస్తే వెలుతురు కొలిచే మీటరు తప్పు చెబుతుంది. వినికిడి యంత్రాల్లో వాడే 675 నంబరు సెల్లు దానికి చాలా దగ్గరగా ఉంటుంది.

సెల్లు బాగున్నా ఎలక్ట్రో దీపాలు ఇష్టం వచ్చినట్టు వెలుగుతుంటే, లీవర్ తిప్పుతూ చెవి దగ్గర పెట్టుకోండి. చివర్లో ‘టక్’మని వినిపించాలి. వినిపించకపోతే లోపలి రబ్బరు ముక్క ఒకటి అరిగి ముద్దయింది. ఈ మోడల్‌కు ఇది పేరుమోసిన జబ్బు. ముక్క మారిస్తే సరిపోతుంది, కాకపోతే కెమెరా విప్పాలి.

ఫొటోలమీద ఎర్రటి చారలు

వెనక తలుపు అంచుల్లోని నురుగు స్పాంజి జిగటైపోయింది. స్పిరిట్‌తో గీకి తీసేసి, ఆ గాడిలో నల్ల ఊలు దారం అతికించండి.

చీకటి భాగాలు బురదలా ఉన్నాయి

ఇది కెమెరా జబ్బు కాదు, డిజిటల్ అలవాటు. డిజిటల్‌లో తెలుపు ఒకసారి మాడిపోతే తిరిగి రాదని, కాస్త తక్కువ వెలుతురుతోనే తీయడం నేర్చుకున్నాం. నెగటివ్ ఫిల్మ్ స్వభావం దానికి తలకిందులు. ఎక్కువైన వెలుతురును భరిస్తుంది. తక్కువైతే నీడల్లో ఏమీ మిగలదు, స్కాన్ చేసినప్పుడు గరుకే కనిపిస్తుంది. 400 ఫిల్మ్ వేసి ఏఎస్ఏ డయల్‌ను (ఫిల్మ్ వేగం చెప్పే డయల్) 200 దగ్గర పెట్టండి, కెమెరా వెలుతురు ఎక్కువ ఇస్తుంది. ఆకాశం కనబడే దృశ్యాల్లో మీటరు మోసపోతుంది కాబట్టి అక్కడ 100కు దించినా భయం లేదు. స్లైడ్ ఫిల్మ్‌కి (నెగటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల బొమ్మే వచ్చే ఫిల్మ్) మాత్రం ఈ పని చేయకండి. అది డిజిటల్ కన్నా సున్నితం.