తోట దారికి తాండూరు బండ, గుమ్మం ముందు గ్రానైట్: పరిచే పద్ధతి

తాండూరు, బేతంచెర్ల, కడప బండలు మూడూ సున్నపురాయే. కొనేటప్పుడు బండను నిలబెట్టి సుత్తితో తట్టండి. ఖంగుమంటే తీసుకోవచ్చు. డబ్బుమని మోగితే లోపల పొర విడిందన్నమాట, రెండు వానలకు పెచ్చులు లేస్తుంది. అంచు తడిపి చూడండి: మిగతాదంతా ఆరినా ఒక గీత తడిగానే ఉంటే పొర అక్కడే ఉంది. దారికి పాలిష్ లేని 40 మి.మీ. బండ కావాలి. నల్లటి కడప బండ ఎండకు బూడిద రంగుకు తిరుగుతుంది. నలుపు కోసం నూనె రాస్తే దుమ్ము పట్టి జారుతుంది, వదిలేయడమే మేలు.

20 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు దారికి 2×2 బండలు 20 పడతాయి, విరుగుళ్లకు మరో 2 తెచ్చుకోండి. ఒక్కోటి దాదాపు 39 కిలోలు, ఇద్దరు లేనిదే కదలదు. కంకర 33 ఘనపుటడుగులు, క్రషర్ డస్ట్ (కంకర కొట్టేటప్పుడు వచ్చే రాతి పొడి) 13 ఘనపుటడుగులు చాలు.

ఆరున్నర అంగుళాలు తవ్వండి. నల్లరేగడి అయితే ఇంకో అర అడుగు తవ్వి మొరంతో నింపాలి. ఆ నేల వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చి బండల్ని ఎత్తి కుదేస్తుంది. కంకరను రెండు వరసలుగా పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొడితే నాలుగంగుళాలకు దిగాలి. పైన అంగుళంన్నర డస్ట్. ఇంటి వైపు నుంచి బయటికి, 4 అడుగుల వెడల్పుకు ఒక అంగుళం వాలు ఇవ్వండి. బండ పెట్టి రబ్బరు సుత్తితో తడుతూ దారం మట్టానికి దించాలి. ఊగితే సందులో చిన్న రాయి దోపకండి, బండ లేపి కింద డస్ట్ సర్దండి. దోపిన రాయి మీదే బరువంతా పడి బండ సరిగ్గా అక్కడే పగులుతుంది. సందులు అర అంగుళంలోపు ఉంచి డస్టే నింపండి. కదిలే పడక మీద సిమెంటు సందు నిలవదు.

గుమ్మం సంగతి వేరు. కాంక్రీటు మీద 1:5 మాలు (ఒక వంతు సిమెంటుకు ఐదు వంతుల ఇసుక) పరిచి, బండ వెనక సిమెంటు పాలు పూసి కూర్చోబెట్టాలి. కొందరు మేస్త్రీలు మాలు నాలుగు మూలలా, నడుమ ఒకటి ముద్దలుగా పెట్టేస్తారు. పని త్వరగా అయిపోతుంది కానీ కింద బోలు. గ్యాస్ బండ దించిన రోజున ఆ బోలు దగ్గరే విరుగుతుంది. మర్నాడు నాణెంతో తట్టి చూసి, డొల్లగా మోగినవి అప్పుడే మార్పించండి. తడి గోనె సంచులు వారం రోజులు కప్పి ఉంచాలి. మెట్టు ఎత్తు 6 అంగుళాలు, అడుగు పెట్టే చోటు 12. అన్ని మెట్లూ ఒకే ఎత్తు ఉండాలి, తేడా ఉన్న మెట్టు దగ్గరే కాలు తడబడుతుంది. ఇక్కడ అద్దంలాంటి పాలిష్ వద్దు, ఫ్లేమ్డ్ గ్రానైట్ (మంటతో పైభాగాన్ని గరుకు చేసినది) తడిలోనూ పట్టు ఇస్తుంది.

గ్రానైటే ఎందుకంటే, గడపకు రెండు వైపులా కుంకుమ అద్దిన నిమ్మ చెక్కలు పెట్టే చోటు అది. సున్నపురాయి మీద ఆ పులుపు ఒక్క రాత్రిలో తెల్ల మచ్చ తినేస్తుంది. తుడిస్తే పోదు, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. ఇప్పటికే తాండూరు వేసి ఉంటే చెక్కల కింద చిన్న పళ్లెం పెట్టండి. సిమెంటు మరకలకని యాసిడ్ పోయబోయే పనివాణ్ని కూడా ఆపండి.