ఆవ పెట్టిన డెవిల్డ్ ఎగ్స్

డెవిల్డ్ ఎగ్స్ అంటే ఉడికించిన గుడ్లని సగానికి కోసి, పచ్చసొనని ఘాటుగా కలిపి మళ్లీ తెల్లసొన గుంటల్లో నింపే పాశ్చాత్య వంటకం. అందులో ఘాటు కోసం వాళ్లు వేసేది కూడా ఆవే. సీసాలో దొరికే మస్టర్డ్ బదులు, పనసపొట్టు కూరకీ పులిహోరకీ నూరుకునే ఆవ పెట్టి చూడండి. గోదావరి జిల్లాల నాలుకకి ఇదే నప్పుతుంది. 12 గుడ్లకి 24 ముక్కలు వస్తాయి, ఎనిమిది మందికి స్టార్టర్‌గా సరిపోతాయి.

తణుకు వైపు ఫారాల నుంచి ఆ రోజే దిగిన గుడ్లు దీనికి పనికిరావు. తాజా గుడ్డులో తెల్లసొన పెంకు లోపలి పొరని అంటుకుని ఉంటుంది, పెంకు తీస్తే ముక్కలుగా ఊడొస్తుంది. ట్రే తెచ్చి వారం రోజులు ఫ్రిజ్‌లో పెట్టండి. ఆ లోపు పెంకు రంధ్రాల్లోంచి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి, పొర వదులవుతుంది.

నీళ్లు తెర్లాక గుడ్లని గరిటెతో ఒక్కొక్కటే దించి, మంట తగ్గించి 11 నిమిషాలు ఉడికించండి. తీసిన వెంటనే ఐసు నీళ్లలో పది నిమిషాలు ఉంచాలి. ఎక్కువసేపు ఉడికితే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం కడుతుంది. తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలవడం వల్ల వచ్చే రంగు అది. తింటే ప్రమాదమేమీ లేదు కానీ పళ్లెంలో బాగుండదు.

ఇక ఆవ. రుచంతా ఇక్కడే ఉంది. ఒక టీస్పూను ఆవాలు, రెండు పచ్చిమిర్చి, అరంగుళం అల్లం, అర టీస్పూను ఉప్పు, రెండు టీస్పూన్ల చల్లని నీళ్లు కలిపి రోట్లో మెత్తగా నూరండి. మిక్సీలో ఇంత కొంచెం తిరగదు, గింజలు గింజలుగానే ఉండిపోతాయి. ఆవాల్లో ఘాటు గింజ నలిగి నీళ్లు తగిలాకే పుడుతుంది. నూరగానే నాలుక మీద వేసుకుంటే చేదుగా ఉంటుంది, కంగారు పడకండి. పావుగంట మూతపెట్టి ఉంచితే చేదు తగ్గి ఘాటు ముక్కుకెక్కుతుంది. నిమ్మరసం మాత్రం ఆ పావుగంట అయ్యాకే పిండాలి, ముందే పిండితే పులుపుకి ఘాటు సరిగా పుట్టదు. వేడి తగిలినా అంతే, ఉన్న ఘాటు పోతుంది. పనసపొట్టు కూరలో ఆవ పొయ్యి దించి చల్లారాక కలిపేది అందుకే. ఇక్కడ కూడా పచ్చసొనలు పూర్తిగా చల్లారాలి.

గుడ్లు నిలువునా కోసేటప్పుడు ప్రతి కోతకీ చాకుని తడిగుడ్డతో తుడవండి. పచ్చసొనలు జల్లెడ మీద వేసి చెంచాతో అదిమితే ఉండల్లేకుండా దిగుతాయి. అందులో మూడు పెద్ద చెంచాల గట్టి పెరుగు (గుడ్డలో మూడు గంటలు వేలాడదీసినది), ఒక పెద్ద చెంచా మెత్తటి వెన్న, ఆవ ముద్ద, టీస్పూను నిమ్మరసం కలపండి. పెరుగు వడకట్టకపోతే ముద్ద జారిపోయి తెల్లసొన గుంటలో నిలవదు. జారుగా వచ్చేస్తే అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి, వెన్న గడ్డకట్టి బిగుస్తుంది. ఉల్లిపాయ ముక్కలు ఇందులో కలపొద్దు, నీరు వదులుతాయి.

ముద్దని పాలకవరులో వేసి, మూల అరంగుళం కత్తిరించి నింపండి. ముక్కలు పళ్లెంలో దొర్లకుండా ముందే ప్రతి దాని అడుగున పల్చగా ఒక చెక్క కోసెయ్యాలి.

రెండు టీస్పూన్ల నూనెలో కరివేపాకు గలగలలాడేదాకా వేయించి తీసేయండి. స్టవ్ ఆపి అదే నూనెలో పావు టీస్పూను కారం వెయ్యండి. మంట మీద వేస్తే మాడి చేదెక్కుతుంది. నూనె చల్లారాక చుక్క చుక్క చొప్పున ముక్కల మీద వేసి, పైన ఒక్కో కరివేపాకు నిలబెట్టండి. వడ్డించే ముందు మాత్రమే ఇది చెయ్యాలి, ఫ్రిజ్‌లో పెడితే ఆకు మెత్తబడుతుంది.

తెల్లసొనలు, ముద్ద విడివిడిగా మూతపెట్టి ఫ్రిజ్‌లో ఒక రోజు ముందే సిద్ధం చేసుకోవచ్చు. మన ఎండాకాలం విందుల్లో పళ్లెం గంటకి మించి బయట ఉంచకండి. సగం సగం తెచ్చి పెట్టడం మేలు.