ల్యాబ్ మెషీన్లలో డిస్‌ప్లే సెట్టింగులు మార్చబోతున్నారా? ముందు రెండో దారి తెరవండి

పోయిన నెల ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్ నుంచి రాత్రి పదిన్నరకు ఫోన్. "అన్నా, మెషీన్లు సగం నల్లగా ఉన్నాయి, పొద్దున తొమ్మిదికి ప్రాక్టికల్స్" అన్నాడు అక్కడి సిస్టమ్ అడ్మిన్. చిన్న కుర్రాడు, గొంతు వణుకుతోంది. ల్యాబ్‌లో 24 లైనక్స్ వర్క్‌స్టేషన్లు ఉన్నాయి. ఒకదానిలో రెండు మానిటర్లు చక్కగా కుదిరేసరికి, అందులోని ఎక్స్‌ఆర్గ్ కాన్ఫ్ ఫైలును (స్క్రీన్, గ్రాఫిక్స్ కార్డు సెట్టింగులు రాసి ఉండే ఫైలు) పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మిగతావాటన్నిటిలో పెట్టాడు. అన్నీ రీబూట్ చేశాడు. సగం మెషీన్లు వేరే ఏడాది కొన్నవి, వాటిలో గ్రాఫిక్స్ కార్డు వేరే స్లాట్‌లో ఉంది. ఆ సగమూ లేవలేదు.

ఇంతవరకు పెద్ద నష్టమేమీ లేదు. ఆ ఒక్క ఫైలు తీసేస్తే మెషీనుకు ఒక నిమిషం పని. కానీ లోపలికి వెళ్లే దారి ఒక్కటి కూడా లేదు. ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ (నెట్‌వర్క్ మీద ఇంకో మెషీన్ నుంచి లాగిన్ అవ్వనిచ్చే ప్రోగ్రామ్) వేయలేదు. స్క్రీన్ ఆరుతూ వెలుగుతూ ఉంది, కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3 నొక్కితే కన్సోల్, అంటే అక్షరాలు మాత్రమే ఉండే లాగిన్ స్క్రీన్, ఒక క్షణం కనిపించి మాయమవుతోంది. టెన్షన్‌లో ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ పెట్టి ఫార్మాట్ మొదలుపెట్టాడు. నాకు ఫోన్ చేసేసరికి ఆరు మెషీన్లు అయిపోయాయి. హోమ్ ఫోల్డర్‌కు వేరే పార్టిషన్ లేదు. ఇద్దరు ఫైనల్ ఇయర్ పిల్లల ప్రాజెక్టు పని అందులోనే ఉంది, ఇంకెక్కడా లేదు.

ఇలాంటివి ఇన్నేళ్లలో చాలా చూశాను. ఒకచోట కార్డు, ఇంకోచోట డ్రైవరు, మరోచోట మానిటర్. కారణం మారుతుంది, మునిగే తీరు మారదు. స్క్రీన్ పోయినందువల్ల ఎవరూ నష్టపోలేదు. స్క్రీన్ పోయాక లోపలికి వెళ్లే దారి లేక, భయంతో ఫార్మాట్ కొట్టి నష్టపోయారు.

వేసవి సెలవులు ల్యాబ్‌లను అప్‌గ్రేడ్ చేసే కాలం. సెంటాస్ 7 అనే లైనక్స్‌కు సపోర్ట్ 2024 జూన్ 30తో ఆగిపోయింది, దాని మీదే నడుస్తున్న ల్యాబ్‌లు ఇంకా మారుతూనే ఉన్నాయి. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. బ్యాకప్ తీసుకోండి, డాక్యుమెంటేషన్ చదవండి లాంటివి మీకు తెలిసినవే, చెప్పను.

రెండో దారి

గ్రాఫికల్ స్క్రీన్‌లో కూర్చుని ఆ స్క్రీన్ సెట్టింగులనే మార్చడమంటే కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే. కాబట్టి ముందు పక్క మెషీన్ నుంచి, లేదా లాప్‌టాప్ నుంచి, ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ అవ్వండి. అందులో రూట్‌గా (అన్ని హక్కులూ ఉన్న యూజర్‌గా) మారి, ఆ విండోను పని పూర్తయ్యేదాకా మూయకండి. సర్వర్ వేసి ఉందనుకోవడం వేరు, లాగిన్ అయి చూడడం వేరు. ఉబుంటు డెస్క్‌టాప్‌లో ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ దానంతట అది రాదు, మనమే వేసుకోవాలి.

అది చాలదు. మెషీన్‌ను ఒకసారి రీబూట్ చేసి, దాని ముందు ఎవరూ లాగిన్ కాకుండా, బయటి నుంచి ఎస్‌ఎస్‌హెచ్ అందుతోందా చూడండి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. వైఫై పాస్‌వర్డ్ ఒక యూజర్ కీరింగ్‌లో (ఆ యూజర్ పాస్‌వర్డ్‌లు దాచే పెట్టెలో) దాచి ఉంటే, ఆ యూజర్ గ్రాఫికల్‌గా లాగిన్ అయ్యాకే నెట్‌వర్క్ లేస్తుంది. గ్రాఫికల్ స్క్రీన్ రాకపోతే లాగిన్ లేదు, లాగిన్ లేకపోతే నెట్‌వర్క్ లేదు, నెట్‌వర్క్ లేకపోతే మీ ఎస్‌ఎస్‌హెచ్ దారి కూడా లేదు. కేబుల్ పెట్టండి. కేబుల్ కుదరకపోతే ఆ కనెక్షన్‌ను యూజర్లందరికీ పనిచేసేలా మార్చి, మళ్లీ రీబూట్ చేసి చూడండి. ఐపీ అడ్రస్ కాగితం మీద రాసుకోండి.

కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3 ఉందిగా అని కొందరంటారు. దాన్ని నమ్ముకోవద్దు. ఎక్స్ సర్వర్ (గ్రాఫికల్ స్క్రీన్‌ను గీసే ప్రోగ్రామ్, ఎక్స్‌ఆర్గ్ అన్నా ఇదే) లేవలేక పడిపోయినప్పుడు డిస్‌ప్లే మేనేజర్ (లాగిన్ స్క్రీన్ చూపించే ప్రోగ్రామ్) దాన్ని మళ్లీ లేపుతుంది. లేచిన ప్రతిసారీ అది స్క్రీన్‌ను తనవైపు లాక్కుంటుంది. మీరు కన్సోల్‌లో పాస్‌వర్డ్ సగం కొట్టేలోపే కన్సోల్ పోతుంది. ఆ రాత్రి ఆ కుర్రాడికి జరిగింది అదే.

మూడో దారి గ్రబ్, మెషీన్ ఆన్ చేయగానే ఓఎస్‌ను లేపే ప్రోగ్రామ్. ఒకే ఓఎస్ ఉన్న మెషీన్లలో గ్రబ్ మెనూ తరచుగా దాచి ఉంటుంది. పాత బయాస్‌లో షిఫ్ట్ పట్టుకోవాలి, కొత్త మెషీన్ల యూఈఎఫ్ఐలో ఎస్కేప్ నొక్కాలి. ఏది పనిచేస్తుందో ఇప్పుడే నొక్కి చూడండి, అర్ధరాత్రి కాదు. మెనూ వచ్చాక ఇంగ్లీష్ ఈ అక్షరం నొక్కి, లైనక్స్ అని మొదలయ్యే వరుస చివర 3 చేరిస్తే సిస్టమ్‌డీ (సర్వీసులన్నిటినీ మొదలుపెట్టే ప్రోగ్రామ్) ఉన్న మెషీన్ గ్రాఫికల్ స్క్రీన్ లేకుండా టెక్స్ట్ లాగిన్‌కు వస్తుంది. రెస్క్యూ మోడ్‌ను (మరమ్మతు కోసం కనీస సర్వీసులతో లేచే పద్ధతిని) నమ్ముకునేవారు ఒకటి గమనించండి: రూట్ అకౌంట్ లాక్ చేసి ఉంటే కొన్ని సిస్టమ్‌లలో రెస్క్యూ మోడ్ మిమ్మల్ని లోపలికి రానివ్వదు.

ఇంకో పద్ధతి ఉంది, నేను ఎప్పుడూ వదలనిది. మార్పు చేసే ముందు, పది నిమిషాల తర్వాత పాత ఫైలును తిరిగి పెట్టి డిస్‌ప్లే మేనేజర్‌ను రీస్టార్ట్ చేసే ఆదేశాన్ని టైమర్‌లో పెడతాను. సిస్టమ్‌డీ రన్ అనే కమాండ్‌తో ఒక్క వరుసలో అయిపోతుంది. స్క్రీన్ బాగా వస్తే టైమర్ రద్దు చేస్తాను. రాకపోతే ఏమీ ముట్టుకోకుండా పది నిమిషాలు ఆగుతాను. రీబూట్ చేస్తే ఆ టైమర్ పోతుంది, కాబట్టి ముందు రీస్టార్ట్‌తో పరీక్షించి, బాగుందని తేలాకే రీబూట్ చేయండి.

రెండో దారి తెరవకుండా కాన్ఫ్ ఫైలును ముట్టుకోవద్దు.

కాన్ఫ్ ఫైలు

ముందుగా, ఆ ఫైలు మీకు అసలు అవసరమా? ఎక్స్‌ఆర్గ్‌కు ముందు వాడిన ఎక్స్‌ఫ్రీ86 రోజుల్లో మానిటర్ హారిజాంటల్ సింక్ ఎన్ని కిలోహెర్ట్జ్, వర్టికల్ రిఫ్రెష్ ఎన్ని హెర్ట్జ్ అని మనమే రాయాల్సి వచ్చేది. తప్పు రాస్తే పాత సీఆర్‌టీ మానిటర్లు పాడైపోయే ప్రమాదం నిజంగానే ఉండేది. 2004లో ఎక్స్‌ఫ్రీ86 లైసెన్స్ మారడంతో దాదాపు అందరూ ఎక్స్ డాట్ ఆర్గ్ (ఎక్స్‌ఆర్గ్) వైపు వచ్చారు. తర్వాత సర్వర్ కార్డునూ మానిటర్‌నూ తనే కనుక్కోవడం నేర్చుకుంది. ఈ రోజు చాలా మెషీన్లలో ఎక్స్‌ఆర్గ్ కాన్ఫ్ అనే ఫైలే ఉండదు, ఉండకపోయినా అంతా నడుస్తుంది. పాత మెషీన్ నుంచి ఆ ఫైలును భక్తిగా మోసుకొచ్చి కొత్తదానిలో పెట్టేవాళ్లను చూస్తే బాధేస్తుంది. సర్వర్ తనంతట తాను సరిగ్గా చేసే పనిని ఆ పాత ఫైలు చెడగొడుతుంది.

రిజల్యూషన్ మార్చాలన్నా, మానిటర్ల వరస మార్చాలన్నా ముందు ఎక్స్‌ర్యాండర్ కమాండ్‌తో ప్రయత్నించండి. అది చేసిన మార్పు సెషన్‌తో పోతుంది, అదే దాని గొప్పతనం. కుదిరిందని తేలాక, దాన్ని శాశ్వతం చేసే పని అప్పుడు చూసుకోండి.

ఫైలు రాయక తప్పకపోతే చిన్న ముక్క రాయండి. ఈటీసీ కింద ఎక్స్11లో ఎక్స్‌ఆర్గ్ డాట్ కాన్ఫ్ డాట్ డీ అనే ఫోల్డర్ ఉంటుంది, మీకు కావలసిన ఒక్క సెక్షన్‌ను అందులో పెడితే చాలు. ఇక్కడ ఒక గుంట ఉంది. ఆ ఫోల్డర్‌లో డాట్ కాన్ఫ్‌తో ముగిసే ప్రతి ఫైలునూ సర్వర్ చదువుతుంది. పాతదాన్ని బ్యాకప్ అని పేరు మార్చి, చివర డాట్ కాన్ఫ్ అలాగే ఉంచితే అదీ చదువుతుంది. మీరు కొత్త ఫైలును గంటసేపు దిద్దుతూ ఉంటారు, పాతది పక్కనే కూర్చుని పనిచేస్తూ ఉంటుంది. బ్యాకప్ ఆ ఫోల్డర్ బయట పెట్టండి.

కార్డు బస్ ఐడీ (కార్డు ఏ స్లాట్‌లో ఉందో చెప్పే సంఖ్య) విషయానికొస్తే, ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్ ఆ సంఖ్యను హెక్సాడెసిమల్‌లో చూపిస్తుంది, కాన్ఫ్ ఫైలు మామూలు దశాంశంలో అడుగుతుంది. ఎల్‌ఎస్‌పీసీఐలో 0ఏ అని కనిపిస్తే ఫైలులో 10 అని రాయాలి. 9 దాకా రెండూ ఒకటే కాబట్టి ఈ తప్పు ఏళ్ల తరబడి బయటపడదు. ఎక్కువ స్లాట్‌లున్న పెద్ద వర్క్‌స్టేషన్ వచ్చిన రోజు బయటపడుతుంది, లాగ్‌లో "స్క్రీన్లు ఏవీ దొరకలేదు" అని. ఒకే కార్డు ఉన్న మెషీన్‌లో సాధారణంగా బస్ ఐడీ రాయాల్సిన పనే లేదు. అందుకే ఒక మెషీన్ ఫైలు ఇంకో మెషీన్‌కు కాపీ చేయవద్దు. ఆరు మెషీన్లు ఫార్మాట్ అయింది ఆ ఒక్క బస్ ఐడీ వరుస వల్ల, రెండో దారి లేకపోవడం వల్ల.

డ్రైవరు, కెర్నల్

ఎన్‌విడియా డ్రైవరును కంపెనీ ఇన్‌స్టాలర్‌తో చేత్తో వేసి, డీకేఎంఎస్ (కెర్నల్, అంటే లైనక్స్ మూల ప్రోగ్రామ్, మారినప్పుడల్లా డ్రైవరును దానికి తగ్గట్టు మళ్లీ తయారుచేసేది) పెట్టకపోతే, కెర్నల్ అప్‌డేట్ అయిన తర్వాతి రీబూట్‌లో డ్రైవరు ఉండదు. అప్‌డేట్ సోమవారం వస్తుంది, రీబూట్ కరెంటు పోయిన గురువారం జరుగుతుంది, మధ్యలో ఎవరూ గమనించరు. పరీక్షలకు ముందు వారం కెర్నల్ అప్‌డేట్లు ఆపేయండి. మీ లైనక్స్ డిస్ట్రిబ్యూషన్ ఇచ్చే డ్రైవరు ప్యాకేజీ దొరికితే అదే వాడండి.

డ్రైవరు తీసేస్తే కాన్ఫ్ ఫైళ్లలో దాని పేరూ తీసేయండి. లైనక్స్‌తో వచ్చే ఎన్‌విడియా కార్డుల ఓపెన్ డ్రైవరు నూవోను ఆపడానికి రాసుకున్న బ్లాక్‌లిస్ట్ (లోడ్ కావద్దని చెప్పే) వరుస కూడా. రెండూ వదిలేస్తే కొత్తది లేదు, పాతది రాదు.

సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే డిజిటల్ సంతకం లేని మాడ్యూల్ (కెర్నల్‌లో చేరే డ్రైవరు) లోడ్ కాదు. సంతకపు కీ చేర్చేటప్పుడు రీబూట్‌లో ఒక నీలి స్క్రీన్ వస్తుంది, అక్కడ కొన్ని సెకన్లలో కీ నొక్కాలి, మెషీన్ ముందు మనిషి ఉండాలి. ఇంటి నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో చేసే పని కాదది.

ఇక మిగతావి వరసగా చెబుతున్నాను.

ముందు లాగ్ చదవండి. వార్ లాగ్ కింద ఎక్స్‌ఆర్గ్ డాట్ 0 డాట్ లాగ్. ఎక్స్ సర్వర్ మామూలు యూజర్ హక్కులతో నడిచే చోట అది యూజర్ హోమ్‌లో, డాట్ లోకల్ కింద ఉంటుంది. బ్రాకెట్లలో రెండు ఇంగ్లీష్ ఈ అక్షరాలు (తప్పు అని గుర్తు) ఉన్న వరుసలు చూడండి. చదవకుండా ఏదీ మార్చవద్దు.

సుడోతో (రూట్ హక్కులతో) స్టార్ట్‌ఎక్స్, అంటే ఎక్స్‌ను మొదలుపెట్టే కమాండ్, కొట్టవద్దు. కొన్ని సిస్టమ్‌లలో హోమ్‌లోని ఎక్స్అథారిటీ ఫైలు (మీ డిస్‌ప్లేకు తాళంచెవి లాంటిది) రూట్ సొంతమైపోతుంది. పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా లాగిన్ స్క్రీన్‌కే తిరిగి వస్తారు. పాస్‌వర్డ్ తప్పనుకుని జనం దాన్ని మార్చుకుంటూ కూర్చుంటారు. ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్లి ఆ ఫైలు యజమానిని సరిచేస్తే చాలు.

లాగిన్ తిరిగి తిరిగి వస్తుంటే డిస్క్ నిండిందేమో కూడా చూడండి.

ఎక్స్‌హోస్ట్ ప్లస్ కొట్టవద్దు, అది మీ డిస్‌ప్లేను ఎవరికైనా తెరిచేస్తుంది. ఎప్పుడూ. ఒక నిమిషానికైనా సరే. మీ డిస్‌ప్లేకు కనెక్ట్ అయిన ప్రోగ్రామ్ ఏదైనా మీరు కొట్టే ప్రతి అక్షరాన్నీ చదవగలదు, రూట్ పాస్‌వర్డ్‌తో సహా. దూరపు ప్రోగ్రామ్ కావాలంటే ఎస్‌ఎస్‌హెచ్‌లో క్యాపిటల్ ఎక్స్ ఆప్షన్ ఉంది.

6000 పోర్టు (నెట్‌వర్క్ నుంచి నేరుగా ఎక్స్ సర్వర్‌కు వచ్చే ద్వారం) తెరవవద్దు. 2015 నుంచి ఎక్స్ సర్వర్ దాన్ని డిఫాల్ట్‌గా మూసే ఉంచుతోంది, అలాగే ఉండనివ్వండి.

ఎక్కడో చూసి ఎక్స్‌ఆర్గ్ బైనరీకి సెట్‌యూఐడీ (ఎవరు నడిపినా రూట్ హక్కులిచ్చే బిట్) పెట్టవద్దు. 2018 అక్టోబరులో బయటపడ్డ లోపం గుర్తుందా? లాగ్‌ఫైల్ ఆప్షన్‌తో మామూలు యూజర్ షాడో ఫైలు (పాస్‌వర్డ్‌లు ఉండే ఫైలు) మీద రాసేయగలిగేవాడు. ఆ బిట్ ఉన్న మెషీన్లలోనే.

ల్యాబ్ కియాస్క్‌ల కోసం డోంట్ వీటీ స్విచ్ ఆప్షన్ (కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3 లాంటి కీలను ఆపేది) పెట్టేవాళ్లు: కన్సోల్ దారి మీ చేతులతోనే మూస్తున్నారు. ఎస్‌ఎస్‌హెచ్ లేకుండా పెట్టవద్దు.

రెడ్‌హ్యాట్ వారి ఆర్‌హెచ్ఈఎల్ 10 లైనక్స్‌కు వెళ్తుంటే ఆగండి. 2025లో వచ్చిన ఆ వెర్షన్‌లో ఎక్స్‌ఆర్గ్ సర్వరే లేదు, ఎక్స్ స్థానంలో వచ్చిన వేలాండ్, పాత ఎక్స్ ప్రోగ్రామ్‌లను దానిమీద నడిపే ఎక్స్‌వేలాండ్ మాత్రమే. మీ పాత కాన్ఫ్ ఫైళ్లు అక్కడ పనికిరావు. మీ క్యాడ్ సాఫ్ట్‌వేర్ దానిమీద నడుస్తుందో లేదో ఒక మెషీన్‌లో వారం నడిపి చూడండి.

పరీక్షలకు రెండు వారాల ముందు ఏదీ ముట్టుకోవద్దు. ప్రిన్సిపాల్ గారు అడిగినా సరే.

హోమ్ వేరే పార్టిషన్‌లో లేని మెషీన్‌ను ముట్టుకోవద్దు, ముందు పిల్లల ఫైళ్లు బయటికి తీయండి.

రాత్రి పది తర్వాత మార్పులు వద్దు.

ఒంటరిగా వద్దు.

స్క్రీన్ నల్లబడితే ఫార్మాట్ కొట్టవద్దు. మళ్లీ చెబుతున్నాను, ఫార్మాట్ కొట్టవద్దు. కీబోర్డు మీద నుంచి చేతులు తీయండి, మంచినీళ్లు తాగండి, ఎస్‌ఎస్‌హెచ్ విండోకు వెళ్లండి, డిస్‌ప్లే మేనేజర్ ఆపండి, కొత్త ఫైలు తీసేయండి, మళ్లీ మొదలుపెట్టండి. ఎస్‌ఎస్‌హెచ్ లేదా? గ్రబ్. అదీ అందలేదా? లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, డిస్క్ మౌంట్ చేసి, ఆ ఒక్క ఫైలు పేరు మార్చండి. లైవ్ అని నొక్కండి, ఇన్‌స్టాల్ అని కాదు.

పని అయిందనుకున్నాక పవర్ తీసి మళ్లీ పెట్టండి. అడ్మిన్‌గా కాదు, విద్యార్థి అకౌంట్‌తో లాగిన్ అవ్వండి. వాళ్లు వాడే సాఫ్ట్‌వేర్ తెరిచి ఒక మోడల్ తిప్పి చూడండి. అప్పుడు పక్క మెషీన్ దగ్గరికి వెళ్లండి. అక్కడ కూడా ముందు ఎస్‌ఎస్‌హెచ్.